రాక్ పాటలో డ్రమ్స్ తగ్గించి వాయించడం ఎలా

క్లాసిక్ రాక్ పాట ఏదైనా తీసుకోండి, అందులో డ్రమ్మర్ గరిష్ఠంగా ఎంత గట్టిగా కొట్టగలడు అనేది దాదాపు ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుంది. మీ చేతి బలం ఒకటి, కిట్ ఒకటి, రూమ్ సైజ్ ఒకటి, ఈ మూడూ కలిసి ఒక లిమిట్ పెట్టేస్తాయి, దాన్ని దాటి ఎవ్వరూ పైకి పోలేరు. కొండాపూర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో చిన్న కేఫ్ స్టేజ్ అయితే ఆ లిమిట్ ఇంకా కిందే ఉంటుంది. ఇక మన చేతిలో మిగిలింది ఒక్కటే, పాటని కింద ఎక్కడ మొదలుపెడతాం అనేది. సౌండ్‌కి ఒకటి నుంచి పది దాకా నంబర్లు ఇచ్చుకుందాం. మొదటి చరణంలోనే ఎనిమిది మీద ఉంటే కోరస్‌కి పదికి పోతారు, ఆ రెండు నంబర్ల తేడా ముందు వరసలో కూర్చున్నవాళ్లకి కూడా తెలీదు. అదే రెండు మీద మొదలుపెట్టి చూడండి, అదే చెయ్యి, అదే కిట్, అదే పది, కానీ జనం ఒక్కసారి తలెత్తి స్టేజ్ వైపు చూస్తారు.

సో ఇక్కడ రాసేదంతా ఆ రెండు మీద ఎలా వాయించాలి, అక్కడ ఎంతసేపు ఓపిగ్గా ఉండాలి, అక్కడ నుంచి పైకి ఎలా పోవాలి అనే దాని గురించే. బేసిక్ రాక్ బీట్ వచ్చు, నాలుగైదు ఫిల్స్ (లైన్ల మధ్య ఖాళీలో వేసే చిన్న వాయింపులు) వచ్చు, ఏదో ఒక బ్యాండ్‌లో వాయిస్తున్నారు అనుకుని రాస్తున్నా.

మన హైదరాబాద్ డ్రమ్మర్లకి ఇది ఎందుకు కొంచెం ఎక్కువ కష్టం అంటే, మనలో చాలామంది చర్చిలో వర్షిప్ టీమ్‌లోనో కాలేజ్ ఫెస్ట్ బ్యాండ్‌లోనో ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ దగ్గరో మొదలుపెట్టినవాళ్లం, వాటన్నిటికన్నా ముందు బోనాలకీ గణేష్ నిమజ్జనానికీ రోడ్డు మీద తీన్‌మార్ విని పెరిగినవాళ్లం. తీన్‌మార్ అంటే నాకు ప్రాణం, అది వినబడితే కాళ్లు ఆగవు. కానీ అది ఊరేగింపు కోసం పుట్టిన వాయింపు, ఓపెన్ రోడ్డు, ఎదురుగా వందల మంది, మధ్యలో పాట పాడే గొంతు ఉండదు, అందుకే మొదటి దెబ్బ నుంచి ఫుల్ మీద ఉండాలి, ఉంటేనే దానికి అందం. అదే చెయ్యి తీసుకొచ్చి స్లో రాక్ పాట మీద పెడితే ఏమవుతుందో జామ్ రూమ్‌లో, అంటే బ్యాండ్ ప్రాక్టీస్ చేసే రూమ్‌లో, అందరం చూసే ఉంటాం, సింగర్‌కి తన గొంతు తనకే వినబడక అరవడం మొదలుపెడతాడు, గిటార్ అన్న యాంప్ ఒక పాయింట్ పెంచుతాడు, బేస్ వాయించేవాడు వాడికి పోటీగా పెంచుతాడు, మూడో పాటకి వచ్చేసరికి అందరూ పైనే ఉంటారు, ఇంక ఎవరికీ పోడానికి చోటు లేదు. ఈ గొడవకి మందు డ్రమ్మర్ దగ్గరే ఉంది ఎందుకంటే స్టేజ్ మీద వాల్యూమ్ నాబ్ లేని వాయిద్యం మనదొక్కటే.

ముందు స్టిక్స్ పక్కన పెట్టి మ్యాప్ గీయండి

పాటని హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి, ఏ నిమిషం దగ్గర ఏ భాగం వస్తుంది, అక్కడ డ్రమ్స్‌లో ఏమేం మోగుతున్నాయి, సౌండ్ నంబర్ ఎంత. ఉదాహరణకి ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ వాళ్ల స్టెయిర్‌వే టు హెవెన్ తీసుకుందాం, 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్‌లో పాట, నిడివి ఎనిమిది నిమిషాలు. డ్రమ్స్ జాన్ బాన్హమ్. రాక్‌లో గట్టిగా వాయించేవాళ్లు ఎవరు అంటే ఎవరైనా మొదట చెప్పే పేరు ఆయనదే, కాలితో కొట్టే కిక్ డ్రమ్ 26 అంగుళాలది వాడేవాడు. అలాంటి మనిషి ఈ పాటలో నాలుగు నిమిషాలు దాటేదాకా ఒక్క దెబ్బ కూడా వెయ్యడు! అకూస్టిక్ గిటార్ ఉంటుంది, జాన్ పాల్ జోన్స్ వాయించిన రికార్డర్లు ఉంటాయి, అవి మన పిల్లనగ్రోవిలా ఊది వాయించేవి, సింగర్ రాబర్ట్ ప్లాంట్ గొంతు ఉంటుంది, తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ వచ్చి కలుస్తుంది, అప్పుడు 4:18 దగ్గర అటూ ఇటూగా డ్రమ్స్ వస్తాయి. గిటారిస్ట్ జిమ్మీ పేజ్ కావాలనే అలా ఆపి ఉంచాడు, ఆలస్యంగా వస్తేనే ఆ రావడానికి బలం ఉంటుందని.

అందరూ ఇక్కడిదాకా గమనిస్తారు, నేను మాత్రం ఆ తర్వాతి భాగం పది సార్లైనా వినమంటాను. ఎందుకంటే వచ్చాక కూడా ఆయన పది మీద రాడు. మామూలు బీట్, ఒకటి-రెండు-మూడు-నాలుగు అని లెక్కపెడితే రెండు నాలుగు మీద స్నేర్ (కింద తీగలు కట్టిన డ్రమ్), తొందర ఏమాత్రం లేకుండా కొంచెం వెనక్కి వాలినట్టు వాయిస్తాడు, నా లెక్కలో అది అయిదో ఆరో. ఆరు నిమిషాలకి కాస్త ముందు గిటార్ సోలో మొదలవుతుంది, అక్కడ ఏడూ ఎనిమిదీ. సోలో అయ్యాక హార్డ్ రాక్ భాగం వస్తుంది చూడండి, అక్కడ వదులుతాడు పూర్తిగా. ఇక చిట్టచివరి లైన్‌కి డ్రమ్స్ ఉండవు, గొంతు ఒక్కటే. లెక్క వేస్తే సగం పాటకి పైగా డ్రమ్మర్ ఖాళీగా కూర్చున్నాడు, అయినా ఆ పాటలో డ్రమ్స్ గుర్తులేనివాళ్లు ఎవరున్నారు.

ఇంగ్లండ్ డ్రమ్మర్, సింగర్ ఫిల్ కాలిన్స్ 1981 పాట ఇన్ ది ఎయిర్ టునైట్ కూడా ఇదే పద్ధతి. మూడున్నర నిమిషాలకి పైగా డ్రమ్ మెషీన్ ఒకటే చిన్నగా నడుస్తూ ఉంటుంది, అసలు కిట్ రాదు, ఆ తర్వాత టామ్స్ (కిట్‌లో తీగలు లేని డ్రమ్స్) మీద ఆ ఫిల్ పడుతుంది. ప్రపంచమంతా గాల్లో చేతులు ఊపుతూ వాయించే ఆ ఫిల్ చేతికి పెద్ద కష్టమైనది కాదు, నెల రోజులు నేర్చుకున్న పిల్లాడు కూడా వాయించేస్తాడు. దాని బలమంతా దాని ముందున్న ఖాళీలో ఉంది, ఇంకా రికార్డింగ్‌లో ఆ డ్రమ్ సౌండ్ చేసిన పద్ధతిలో కూడా ఉంది అది వేరే సబ్జెక్ట్.

మీ మ్యాప్‌ని వెనక నుంచి ముందుకి గీయండి, ఇది చాలా ముఖ్యం. పాటలో పది ఎక్కడో ముందు ఫిక్స్ చేయండి, అది ఒక్క చోటే ఉండాలి, రెండు చోట్ల పది పెడితే రెండోది వేస్ట్. దాని ముందు భాగం ఏడు దాటకూడదు. దాని ముందుది అయిదు. అలా వెనక్కి వస్తూ వస్తూ మొదటి చరణానికి వచ్చేసరికి మీకు రెండో మూడో మిగులుతుంది, కొన్ని పాటల్లో సున్నా మిగులుతుంది, అప్పుడు హాయిగా స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఈ మ్యాప్ ఫోటో తీసి బ్యాండ్ గ్రూప్‌లో పెట్టేయండి, ఎందుకంటే మీరొక్కరే తగ్గి గిటార్ తగ్గకపోతే పాటకి డ్రమ్స్ మాయమైనట్టు ఉంటుంది తప్ప తగ్గినట్టు ఉండదు.

చేతులు

తగ్గించి వాయించడం అంటే మెల్లగా భయంభయంగా కొట్టడం అనుకుంటారు చాలామంది. దెబ్బ ఎంత చిన్నదైనా నమ్మకంగా పడాలి, టైమ్‌కి పడాలి, తేడా వచ్చేది స్టిక్ ఎంత ఎత్తు నుంచి దిగుతుంది అనే దాంట్లోనే. అందుకే బలం గురించి ఆలోచించడం మానేసి ఎత్తు గురించి ఆలోచించండి. రెండు అంగుళాల ఎత్తు నుంచి పడితే చిన్న సౌండ్, ఆరు అంగుళాల నుంచి మధ్యస్థం, పన్నెండు అంగుళాలు లేదా పైన అయితే ఫుల్. ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి స్లో మోషన్‌లో వీడియో తీసుకుంటే మీ ఎడమ చెయ్యి అసలు ఎంత లేస్తోందో కనబడిపోతుంది.

ప్రాక్టీస్ ఇలా చేయండి. టిక్ టిక్ అని టైమ్ చెప్పే మెట్రోనోమ్ నిమిషానికి 70 మీద పెట్టి ఒకటే బీట్, ఎనిమిది బార్లు (ఒక్కో బార్ నాలుగు లెక్కలు) రెండు అంగుళాల మీద, ఎనిమిది బార్లు ఆరు మీద, ఎనిమిది పన్నెండు మీద, మళ్లీ ఆరుకి, మళ్లీ రెండుకి. పైకి పోవడం ఎవరైనా చేస్తారు, దిగడం దగ్గర తెలుస్తుంది అసలు సంగతి, సౌండ్ తగ్గించగానే చెయ్యి స్పీడ్ కూడా తగ్గించేస్తుంది, పెంచగానే పరిగెడుతుంది. ఇది మనిషి ఒంట్లో ఉన్న అలవాటు, దాన్ని విడదీయడానికి మెట్రోనోమ్ తప్ప దారి లేదు. అది కుదిరాక 16 బార్ల పాటు ఒక్కో బార్‌కి ఒక్క పిసరు పెంచుకుంటూ పైకి పోయి, పదిహేడో బార్‌లో ఒక్కసారిగా రెండుకి దిగండి, ఆ మొదటి బార్ తడబడకుండా పడిందంటే మీకు కంట్రోల్ వచ్చినట్టే. ఇందులో ఇంకో మంచి విషయం ఏంటంటే ఇదంతా రబ్బర్ ప్యాడ్ మీద ఫ్లాట్‌లో చేసుకోవచ్చు, మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటికి కూడా పక్కింటి ఆంటీ వచ్చి బెల్ కొట్టరు, కిట్ కోసం జామ్ రూమ్‌కి గంటకింత అని కట్టేది ఫుల్ బ్యాండ్ ఉన్నప్పుడు వాడుకోవచ్చు.

రిమ్ క్లిక్ నేర్చుకోకుండా స్లో రాక్ పాటలకి కూర్చోవద్దు. స్టిక్‌ని తిప్పి పట్టుకోండి, లావు వైపు రిమ్ మీద పడేలా, సన్న వైపు మీ అరచేతి కింద స్నేర్ స్కిన్ మీద ఆనేలా, అరచెయ్యి స్కిన్‌కి అంటుకునే ఉండాలి, స్టిక్ మాత్రమే తలుపు గొళ్లెంలా పైకి లేచి పడాలి. స్టిక్ బయటికి ఎంత జరిగింది అనే దాన్ని బట్టి సౌండ్ మారుతుంది, ఒక చోట పలచగా టిక్ అంటుంది, కొంచెం జరిపితే నిండుగా టక్ అంటుంది. ఆ టక్ దొరికిన చోట స్టిక్ మీద పెన్‌తో గీత గీసుకోండి, షో రోజు చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

హై-హ్యాట్ అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాలు, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. మన దగ్గర బ్యాండ్స్‌లో గొంతుని మింగేసేది స్నేర్ అనుకుంటారు, నేను విన్నంతలో ఎక్కువసార్లు అది సగం తెరిచిన హై-హ్యాట్, ఆ షర్‌ర్ అనే సౌండ్ మాటలకి అడ్డం పడుతుంది, సింగర్ పలికే స, శ, చ లాంటి అక్షరాలు మొత్తం అందులో కలిసిపోతాయి. చరణంలో మూసి పెట్టండి, స్టిక్ మొనతో పైభాగం మీద వాయించండి. కోరస్‌కి స్టిక్ భుజంతో, అంటే మొనకి కాస్త కింది భాగంతో, అంచు మీద వాయించండి, కాలు ఒక నూలు పోగంత వదలండి చాలు. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ వీడియో ఏదైనా చూస్తే ఒక వింత కనబడుతుంది, స్నేర్ కొట్టే ప్రతిసారీ కుడి చెయ్యి హై-హ్యాట్ మీద నుంచి లేచిపోతుంది, ఆ రెండు నాలుగు మీద హై-హ్యాట్ ఉండనే ఉండదు. దానివల్ల స్నేర్ ఒక్కటే శుభ్రంగా వినబడుతుంది, దాన్ని గట్టిగా కొట్టాల్సిన పనే లేదు. ఆయన మనసంతా జాజ్ మీద ఉండేది, జీవితాంతం చిన్న కిట్ మీదే వాయించాడు, 2021లో పోయాడు. మీరు అచ్చం అలాగే వాయించాలని లేదు, కానీ ఒక వారం ట్రై చేస్తే ఏ దెబ్బ అవసరమో ఏది కాదో చెవికి తెలిసిపోతుంది.

కాలి సంగతి చిన్నదే. చరణంలో మడమ పెడల్ మీద ఆనించి పాదంతో నొక్కండి, సౌండ్ మెత్తగా వస్తుంది, కోరస్‌కి మడమ లేపండి. బీటర్‌ని, అంటే కిక్‌ని కొట్టే పెడల్ సుత్తిని, స్కిన్‌కి అదిమి ఉంచితే ధబ్ అని ఆగిపోతుంది, వదిలేస్తే మోగుతుంది, రెండూ వాడుకోండి. కిక్ ఎక్కడ పడాలో బేస్ వాయించేవాళ్లని అడిగి ఫిక్స్ చేసుకోండి, కిక్కూ బేసూ కలిసి పడితే చిన్న సౌండ్ కూడా పెద్దగా వినబడుతుంది.

సామాను విషయానికి వస్తే, కొత్త కిట్ కొనక్కర్లేదు. 5బీ స్టిక్స్ వాడుతుంటే 7ఏ ఒక జత తెచ్చుకోండి, సన్నగా తేలిగ్గా ఉంటాయి, బాగా చిన్న రూమ్ అయితే సన్న పుల్లలు కట్టగా కట్టిన రాడ్స్ దొరుకుతాయి అవి ఇంకా తగ్గిస్తాయి. స్నేర్ మరీ మోగుతుంటే పాత నూలు తువ్వాలు మడిచి సగం కప్పండి. ఇది గరీబు చిట్కా అనుకోవద్దు, బీటిల్స్ చివరి సంవత్సరాల రికార్డింగ్స్‌లో రింగో స్టార్ డ్రమ్స్ మీద తువ్వాళ్లు కప్పే వాయించాడు, ఆ పొడిపొడి సౌండ్ అలా వచ్చిందే.

పైకి ఎక్కడం

సౌండ్ పెంచాలంటే చెయ్యి గట్టిది చేయడం ఆఖరి పని, దానికన్నా ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. మొదటి చరణం రిమ్ క్లిక్, మూసిన హై-హ్యాట్, కిక్ ఒకటి మీదా మూడు మీదా అంతే. రెండో చరణంలో రిమ్ క్లిక్ తీసేసి స్నేర్ మీదకి రండి కానీ ఎత్తు ఆరు అంగుళాలే. కోరస్‌లో హై-హ్యాట్ నుంచి రైడ్ (బీట్ నడిపే పెద్ద తాళం) మీదకి మారండి. బ్రిడ్జ్‌లో, అంటే పాట మధ్యలో వేరేగా వచ్చే భాగంలో, కిక్‌కి ఇంకో దెబ్బ కలపండి, స్నేర్ దెబ్బల మధ్య వినీ వినబడనంత చిన్న ఘోస్ట్ నోట్స్ వేయండి. చూశారా, ఇప్పటిదాకా బలం అస్సలు పెంచలేదు, అయినా పాట నాలుగు మెట్లు ఎక్కింది, క్రాష్ (ఒక్క దెబ్బకి ఝణ్ మని మోగే తాళం) ఇంకా ముట్టుకోలేదు, చేతుల బలం మొత్తం జేబులోనే ఉంది.

క్రాష్ గురించి నాది కొంచెం కఠినమైన రూల్, మొదటి కోరస్‌కి క్రాష్ వద్దు. ప్రతి నాలుగు బార్లకీ ఒక ఫిల్ వేసి ఒకటి మీద క్రాష్ కొట్టడం మన చేతులకి పట్టేసిన అలవాటు, జామ్‌లో ఒక రోజు రెండు క్రాష్‌లూ స్టాండ్ నుంచి తీసి పక్కన పెట్టి మొత్తం సెట్ వాయించి చూడండి. మొదటి రెండు పాటలు చేతులు కట్టేసినట్టు ఉంటుంది, మూడో పాట నుంచి అవి లేకుండా కోరస్‌ని ఎలా తెరవాలో చెయ్యే వెతుక్కోవడం మొదలుపెడుతుంది, హై-హ్యాట్‌ని ఒక్క బీట్ తెరిచి మూయడం, కిక్‌ని ఒక్క బార్ ఆపి వదలడం, ఇలాంటివి. ఫిల్స్‌కి కూడా అంతే, పాటకి ఒక పెద్ద ఫిల్, అది పదికి ముందు, మిగతా చోట్ల స్నేర్ మీద రెండు దెబ్బలు చాలు.

స్పీడ్ విషయంలో ఒక మాట. స్టెయిర్‌వే మొదట్లో ఉన్న స్పీడ్, చివర్లో ఉన్న స్పీడ్ ఒకటి కావు, పాట నడుస్తున్నకొద్దీ పెరుగుతుంది, అది కావాలని చేసిందే. అలాంటి పాటకి లైవ్‌లో చెవిలో మెట్రోనోమ్ క్లిక్ పెట్టుకోవద్దు అనేది నా అభిప్రాయం. కానీ తెలిసి పెంచడం వేరు, చెయ్యి జారి పెరగడం వేరు, మొదటిది చేయాలంటే ముందు మెట్రోనోమ్‌తో స్థిరంగా ఉండడం వచ్చి తీరాలి.

మాట మీద చెవి పెట్టండి

తగ్గించి వాయించేటప్పుడు దేన్ని పట్టుకుని వాయించాలి అంటే సింగర్ మాటని. పాట మాటలు మొత్తం నేర్చుకోండి, వాయిస్తూ పెదాల మీద పాడుకోండి, అప్పుడు మాట మధ్యలో ఫిల్ వేయాలంటే మీకే చెయ్యి రాదు. లైన్ అయిపోయి సింగర్ ఊపిరి తీసుకునే చోటు మీది, మిగతాదంతా వాళ్లది.

ఇది కళ్లారా చూడాలంటే రాక్ షోకే పోనక్కర్లేదు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏదైనా గాత్ర కచేరీ ఉన్నప్పుడు వెళ్లి మృదంగం వైపు కూర్చోండి. పల్లవి ఎత్తుకున్నప్పుడు మృదంగం సర్వలఘువులో, అంటే తాళాన్ని నడిపించే మామూలు నడకలో, సాదాగా నడుస్తుంది, గాయకులు కింది స్థాయిలో మెల్లగా పాడుతుంటే తొప్పి వైపు (మృదంగంలో బరువు సౌండ్ ఇచ్చే ఎడమ వైపు) దాదాపు మోగదు, ఒక్కోసారి చేతులు పూర్తిగా ఆపేస్తారు, ఒకే లైన్‌ని రకరకాలుగా పాడే సంగతులు పెరుగుతుంటే వాయింపు కూడా చిక్కబడుతుంది, అంతసేపు దాచుకున్న విద్యంతా తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగంలో, బయటికి వస్తుంది. గంటకి పైగా ఇంకొకళ్ల పాట కోసం అంత శ్రద్ధగా తగ్గి వాయించినవాళ్ల తనికి వచ్చే చప్పట్లు చూడండి. మనకి ఇంత దగ్గర్లో ఈ బడి ఉంది, మన రాక్ డ్రమ్మర్లలో అటు పోయేవాళ్లు తక్కువ, అది నాకు నిజంగా బాధ.

ప్రతి జామ్‌కీ ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఫోన్ మీ దగ్గర కాకుండా రూమ్‌లో ఎదురు మూల పెట్టండి, జనం వినేది అక్కడి నుంచే. ఇంటికి వెళ్లి విని ఒక్కటే చెక్ చేయండి, మొదటి చరణం ప్రతి మాటా అర్థమవుతోందా లేదా. అర్థం కాకపోతే హై-హ్యాట్ నుంచి తగ్గించడం మొదలుపెట్టండి. ఆ తర్వాత మొదటి చరణం ఒక ముప్పై సెకన్లు, పది ఉన్న చోట ముప్పై సెకన్లు పక్కపక్కన వినండి, తేడా కొట్టొచ్చినట్టు లేకపోతే మ్యాప్‌లో కింది నంబర్లు ఇంకా దించాలి.

షో రోజు

డ్రమ్స్ లేని భాగంలో మీరు ఖాళీగా కూర్చున్నా స్నేర్ ఖాళీగా ఉండదు, బేస్ మోగినప్పుడల్లా దాని కింద తీగలు జిర్రు మంటాయి, అకూస్టిక్ గిటార్ ఒక్కటే వినబడాల్సిన చోట అది చాలా చెడ్డగా ఉంటుంది. పాట మొదలయ్యే ముందు పక్కనున్న లివర్ దించి తీగలు వదులు చేయండి, డ్రమ్స్ రావడానికి రెండు బార్ల ముందు మళ్లీ ఎక్కించండి, ఈ రెండూ మ్యాప్‌లో రాసుకోండి, రిహార్సల్‌లో కూడా చేయండి.

సౌండ్ చెక్‌లో సౌండ్ అన్న గట్టిగా కొట్టు బ్రో అంటాడు, కొట్టండి, అది ఆయనకి కావాలి. కానీ అక్కడితో ఆపకుండా మీ అతి చిన్న భాగం కూడా వాయించి వినిపించండి, రిమ్ క్లిక్, ఘోస్ట్ నోట్స్, మడమ ఆనించిన కిక్. ఎందుకంటే చాలాచోట్ల స్నేర్ మైక్‌కీ టామ్స్‌కీ గేట్ పెడతారు, ఒక లెవెల్ కింద ఉన్న సౌండ్‌ని అది కట్ చేసేస్తుంది, ఫుల్ దెబ్బలు విని సెట్ చేసిన గేట్ మీ రిమ్ క్లిక్‌ని మొత్తానికి మింగేస్తుంది, స్టేజ్ మీద మీకు వినబడుతూనే ఉంటుంది కాబట్టి మీకు తెలీదు కూడా. అన్నా నా మొదటి రెండు పాటలు ఈ లెవెల్‌లోనే ఉంటాయి, స్నేర్ గేట్ తీసేయండి లేదా బాగా కిందకి దించండి అని చెప్పండి, ఇంకొకసారి రిమ్ క్లిక్ వాయించి, బ్యాండ్‌లో ఒకళ్లని హాల్ చివర నిలబెట్టి వినబడుతోందో లేదో అడిగి అప్పుడు దిగండి.